అనంతగిరి చలిలో రెండు సైకిళ్లు, ఒక మోసపు బస

వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల అంచున, సైకిల్ యాత్రికులకు ప్రత్యేక ఏర్పాట్లున్నాయని ప్రకటించుకున్న ఒక బసలో ఒక్క రాత్రికి రూ. 5,074 చెల్లించి, బకెట్టు వేడినీళ్లకు విడిగా రూ. 60 ఇచ్చి, బ్రేకులు సరిగా పట్టని సైకిల్‌ను అద్దెకు తీసుకొని తిరిగివచ్చిన తరువాత, ఈ చలికాలంలో హైదరాబాద్ నుంచి అటు వెళ్లదలచిన వారికి కొన్ని సంగతులు వివరంగా చెప్పడం అవసరమనిపించింది. ఆ కొండల మీదగానీ, ఆ దారి మీదగానీ నాకు ఫిర్యాదు లేదు. నా కోపమంతా ఆ బస యజమాని మీదనే.

ఈ ప్రయాణానికి మూలం మా అక్కగారింట్లో దసరా నుంచి సాగుతున్న ఒక వాదన. మా బావగారికి రోడ్ సైకిల్ అంటే ప్రాణం. సన్నని టైర్లు, వంగిన హ్యాండిల్, కార్బన్ ఫ్రేము గల ఆ సైకిల్ ఖరీదు ఎంతో మా అక్కకు ఈనాటికీ తెలియదు. ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న మా మేనల్లుడు మాత్రం మట్టిబాటల్లో తిరిగే ఎంటీబీ (మౌంటెన్ బైక్) తప్ప మరొకటి ముట్టడు. చలికాలానికి ఏది తగినదన్న విషయంలో తండ్రీకొడుకులు ఒక్క మాట మీదికి రాకపోవడంతో, వికారాబాద్ వైపు వెళ్లి అక్కడే తేల్చుకుందామని నేను ప్రతిపాదించాను. బావగారు హైదరాబాద్ అంచునున్న అప్పా కూడలి నుంచి బీజాపూర్ రహదారి మీద తొక్కుకుంటూ వచ్చేటట్లు, ఎంటీబీని కారు వెనుక కట్టుకొని మేమిద్దరం వెంట వెళ్లేటట్లు, కొండల్లో నాకొక సైకిల్‌ను ఆ బస వారే అద్దెకు ఇచ్చేటట్లు ఏర్పాటు జరిగింది.

అప్పా కూడలి నుంచి మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా అనంతగిరికి సుమారు 65 కిలోమీటర్లు. ఎండాకాలంలోనైతే తెల్లవారుజామున బయలుదేరడమే తెలివైన పని. జనవరిలో ఆ లెక్క తలకిందులవుతుంది. సూర్యోదయం 6.45 ప్రాంతంలో కాగా, చలి అన్నిటికంటే ఎక్కువగా ఉండేదీ, పొలాల మీదా చెరువుల మీదా పొగమంచు చిక్కబడేదీ సరిగ్గా ఆ ముందు గంటలోనే. అయినా బావగారు వినలేదు. అయిదున్నరకే బయలుదేరారు. మొయినాబాద్ దాటేసరికి ఎదురుగా వచ్చే లారీ దీపాలు తప్ప మరేమీ కనిపించని పరిస్థితి ఏర్పడింది. రహదారి వెడల్పు పనులు సాగుతున్న చోట్ల దారి ఒక్కసారిగా పక్కకు మళ్లుతుంది, తారు అంచున కంకర పేరుకొని ఉంటుంది. చేవెళ్ల దగ్గర రోడ్డుకు ఇరువైపులా కమ్ముకున్న పాత మర్రిచెట్లు పగటిపూట ఎంత అందంగా ఉంటాయో, పొగమంచులో వాటి నీడన సైకిల్ తొక్కేవాడు వెనుక వచ్చే వాహనానికి అంతగానూ కనిపించకుండా పోతాడు. మేము కారు హెచ్చరిక దీపాలు వెలిగించి ఆయన వెనుకనే నెమ్మదిగా నడిపించవలసి వచ్చింది.

చేవెళ్లలో టీ కోసం ఆగినప్పుడు బావగారి వేళ్లు కొంకర్లుపోయి, హెల్మెట్ పట్టీ కూడా ఊడదీసుకోలేకపోయారు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి ఆ గాలి తగలడం వల్ల 10 డిగ్రీలు ఆరున్నర డిగ్రీల మాదిరిగా అనిపిస్తుంది. అదే చలిలో మట్టిబాట మీద 12 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవాడికి ఎనిమిదికి పైగానే ఉంటుంది. పైగా ఎగుడుదిగుడు బాటలో శరీరమంతా పనిచేస్తుంది కాబట్టి లోపలి నుంచి వేడి పుడుతుంది. రోడ్ సైకిల్ మీద చేతులు కదలకుండా గాలికి ఎదురొడ్డి ఉంటాయి. హైదరాబాద్‌లో 1946 జనవరి 8న నమోదైన 6.1 డిగ్రీలు ఇప్పటికీ నగరపు రికార్డుగా చెబుతారు. నిలకడగా రోడ్ సైకిల్ తొక్కేవాడు ఆ రికార్డు చలిని ఏటా చవిచూస్తూనే ఉంటాడన్నమాట. టీ కొట్టులో అడిగి తీసుకున్న పాత దినపత్రికను జెర్సీ లోపల రొమ్ముకు అడ్డంగా పెట్టుకున్నాక గానీ బావగారికి మాట రాలేదు. కొండ దిగుడుల్లో పందెపు సైక్లిస్టులు ఎప్పటినుంచో పాటించే చిట్కా అది. టీ మూడు కప్పులకు రూ. 45 అయింది, పత్రికకు డబ్బు తీసుకోలేదు.

మన్నెగూడ దాటాక మరొక చిక్కు ఎదురైంది. అది కంది కోతల కాలం. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని గొప్పగా చెప్పుకుంటాము, కానీ ఆ కందికట్టెను కొందరు రైతులు వాహనాల చక్రాల కింద నలగడానికి రోడ్డు మీదనే పరుస్తారన్నది మాత్రం రోడ్ సైకిల్ కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. ఎండిన కందిమోడు బావగారి వెనుక టైరులో దిగింది. ట్యూబు మార్చడం అయిదు నిమిషాల పనే అయినా, చేతిపంపుతో 90 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఎక్కించడం ఆ వేళ్లతో సాధ్యం కాలేదు. దగ్గరలోని పంక్చర్ దుకాణంలో గాలి యంత్రం ఉన్నది గానీ, అది మోటారు సైకిల్ వాల్వుకే సరిపోతుంది. రోడ్ సైకిళ్లకుండే సన్నని ప్రెస్టా వాల్వుకు పట్టదు. యాభై రూపాయలు చేయని చిన్న ఇత్తడి అడాప్టర్ మా మేనల్లుడి సంచిలో ఉండబట్టి సరిపోయింది. "నాన్నా, ఇది ఎంటీబీ వాడిది" అని వాడు అనకుండా ఉండలేకపోయాడు. బావగారు వికారాబాద్ వరకు వాడితో మాట్లాడలేదు. ఆ దుకాణదారు గాలికి రూ. 20 తీసుకొని, వేళ్లు కాచుకోమని తన కుంపటి ముందుకు జరిపాడు. ఆ రెండు రోజుల్లో మాకు దొరికిన సేవలన్నిటిలో అదే మేలైనది. మరొక సంగతి ఏమంటే, ఇంట్లో వెచ్చగా ఉన్నప్పుడు 90 పీఎస్ఐ కొట్టిన టైరు బయట పదిహేను డిగ్రీలు తగ్గేసరికి దాదాపు 5 పీఎస్ఐ కోల్పోతుంది. బయలుదేరేముందు ఆరుబయటే గాలి చూసుకోవడం మంచిది.

ఇక బస సంగతి. గదికి రూ. 3,500, అదనపు మంచానికి రూ. 800 అని ఫోనులో చెప్పారు. అక్కడికి చేరాక ఆ మొత్తం మీద 18 శాతం పన్ను వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు రూ. 7,500 వరకు ఉండే గదుల మీద జీఎస్టీ 5 శాతమే. అడిగితే, కంప్యూటరే అలా వేస్తుందని సమాధానం వచ్చింది. చేతికిచ్చిన కాగితం మీద జీఎస్టీ నంబరు లేదు, ఆ గదిలో కంప్యూటరూ లేదు. ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్లన్నది ప్రకటన. గీజరు స్విచ్చి వేస్తే దీపం వెలిగింది గానీ నీళ్లు వేడెక్కలేదు. వంటవాడు హీటరు కడ్డీతో కాచి తెచ్చే బకెట్టు ఒక్కొక్కటి రూ. 60. బావగారు చేతులకోసమని ఒకటి తెప్పించుకున్నారు. నేను పంతానికి చన్నీళ్లతోనే సరిపెట్టుకున్నాను.

అన్నిటికంటే బాధించినది సైకిళ్ల విషయం. సైకిల్ యాత్రికులకు ప్రత్యేకమని చెప్పిన చోట, నేల పాడవుతుందని సైకిళ్లను గదిలోకి రానివ్వలేదు. జనరేటరు షెడ్డు పక్కన, పైకప్పు లేని చోట వదిలిపెట్టమన్నారు. బావగారు ప్రాధేయపడ్డారు, తరువాత కేకలు వేశారు, చివరకు రెండు తాళాలు వేసి వచ్చి పడుకున్నారు. రాత్రంతా మంచు కురిసింది. ఆయన మూడుసార్లు లేచి టార్చితో వెళ్లి చూసి వచ్చారు. తెల్లవారేసరికి గొలుసు మీద తుప్పు చుక్కలు కనిపించాయి. రాత్రి చలిమంటకు కట్టెలు తెస్తామనీ, రూ. 500 అవుతుందనీ కుర్రవాడు తలుపు తట్టినప్పుడు, బావగారి ముఖం చూసి వాడే వెనుదిరిగాడు.

అద్దె సైకిల్ మూడు గంటలకు రూ. 600, ధరావతు రూ. 2,000. ముందూ వెనుకా స్ప్రింగులు ఉన్నంతమాత్రాన అది కొండబాటకు పనికివచ్చేది కాదని మేనల్లుడు చూడగానే చెప్పాడు. చవక ఇనుప ఫ్రేము, తుప్పు పట్టిన గేరు తీగ, అరిగిపోయిన బ్రేకు ప్యాడ్లు, పక్కకు వంగిన గేర్ హ్యాంగర్, అంటే వెనుక గేరును ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క. "మామయ్యా, తొక్కేముందు ఫొటోలు తీసుకుందాం" అని వాడు నాలుగు వైపుల నుంచీ తీశాడు. ఆ ముందుచూపు తరువాత అక్కరకు వచ్చింది.

మర్నాడు ఉదయం ఎనిమిది దాటాక అటవీ సిబ్బందిని అడిగి, వారు చూపిన బండిబాట పట్టాము. రిజర్వు అడవి కాబట్టి అడగకుండా ఎక్కడపడితే అక్కడ చక్రాలు దింపడం సరికాదు. వెనుకటికి నగరం నుంచి ఎంటీబీ వాళ్లు పూడూరు దగ్గరి దామగుండం అడవికి ఎక్కువగా వెళ్లేవారు. అక్కడ సుమారు 2,900 ఎకరాల్లో నౌకాదళ రేడియో ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది కాబట్టి ఆ ఆశ వదులుకోవలసిందే. అనంతగిరి ఎర్రమట్టికి చలికాలపు ఉదయం ఒక వరం. రాత్రి కురిసిన మంచుకు పైపొర తడిసి దుమ్ము లేవదు, టైరు పట్టు తప్పదు. అదే మంచు తారురోడ్డు మీద తెల్లగీతలను జారుడుబండలుగా మార్చేస్తుంది. ఫిబ్రవరి దాటితే ఈ మట్టి పొడిబారి గులకరాళ్లు తేలుతాయని మేనల్లుడు చెప్పాడు. బాట పక్కన పల్లేరుకాయలు విపరీతం. వాడి ట్యూబులేని టైరులో సీలెంటు ద్రవం ఉండడంతో ముళ్లు దిగినా గాలి పోలేదు. 28 పీఎస్ఐ గల ఆ లావు టైర్లు రాళ్ల మీద మెత్తగా సాగిపోయాయి. నా అద్దె సైకిల్ మాత్రం ప్రతి దిగుడులోనూ నన్ను కాళ్లతో ఆపుకొనేటట్లు చేసింది. బావగారు చేతులు వెనక్కి కట్టుకొని నడుస్తూ వచ్చి, నగరంలో మనం ముక్కు మూసుకొని దాటే మూసీ పుట్టేది ఈ కొండల్లోనేనని కొడుక్కి చెప్పారు. అంతవరకు ముఖం చూసుకోని ఇద్దరూ అక్కడినుంచి మామూలుగా మాట్లాడుకున్నారు.

బసలో మధ్యాహ్న భోజనం మనిషికి రూ. 350 అన్నారు. వద్దని వికారాబాద్ వైపు దిగి, రోడ్డు పక్కన రేకుల కప్పు కింద ఒక పెద్దమ్మ నడిపే చోట ఆగాము. కట్టెలపొయ్యి మీద ఆమె చేత్తో తట్టి కాల్చిన జొన్నరొట్టె రూ. 20, అనపగింజల కూర గిన్నెడు రూ. 40. చలికాలంలో మాత్రమే దొరికే ఆ పచ్చి అనపగింజలను నువ్వులపొడితో చిక్కగా వండిన తీరు ఇంట్లో మా అమ్మ పోయాక నేను మళ్లీ ఎక్కడా తినలేదు. బావగారు నాలుగు రొట్టెలు తిని, అయిదోదానికి చేయి చాపుతుంటే, "సైకిల్ తొక్కి వచ్చిన్రు, తినుండ్రి" అని, మేము వద్దన్నా ఆమె గుడాలు కూడా వడ్డించింది. ముగ్గురికీ కలిపి రూ. 340 అయింది. గుడాలకు డబ్బు తీసుకోలేదు.

తిరుగు ప్రయాణంలో చెప్పుకోదగినది ఒక్కటే. చలికాలంలో ఇటు గాలి ప్రధానంగా తూర్పు, ఈశాన్య దిక్కుల నుంచి వీస్తుంది. వెళ్లేటప్పుడు వీపున తోసిన గాలి వచ్చేటప్పుడు రొమ్మున తగిలి, బావగారి వేగం 22 దాటలేదు. చేవెళ్లలో ఆయనే సైకిల్‌ను కారు వెనుక కట్టమన్నారు.

నా అభిప్రాయం అడిగితే, డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారకముందే రోడ్ సైకిల్ తొక్కాలనుకునేవారు బీజాపూర్ రహదారి జోలికి పోకుండా ఔటర్ రింగ్ రోడ్ పక్కనున్న హెల్త్‌వే ట్రాక్‌కు వెళ్లడం మేలు. 2023 అక్టోబరు 1న 23 కిలోమీటర్లతో ప్రారంభమైన ఆ దారిలో అప్పటికి నానక్‌రామ్‌గూడ వైపు 8.5, నార్సింగి నుంచి కొల్లూరు వైపు 14.5 కిలోమీటర్లు ఉండేవి. తరువాతి ఆదివారం ముగ్గురమూ అక్కడికి వెళ్లాము. పైన సౌర ఫలకాల కప్పు ఉండడంతో పక్కనున్న రోడ్డంతా మంచుతో తడిసి ఉన్నా ట్రాక్ పొడిగానే ఉంది. దీపాలున్నాయి, లారీలు లేవు. అక్కడ బావగారు నిజంగానే బాగా తొక్కారు. మేనల్లుడికి మాత్రం అరగంటలో విసుగు పుట్టింది. కొండలకు వెళ్లేవారు ఎంటీబీనే తీసుకువెళ్లాలి, అదీ సొంతది, లేదా నగరంలోనే చూసి ఎంచుకున్న అద్దె సైకిల్. బస వాళ్ల మాట నమ్మి ఖాళీ చేతులతో వెళ్లకూడదు. గది ఖరారు చేసుకునేముందు సైకిల్ గదిలో పెట్టనిస్తారా అని అడిగి, ఆ సమాధానాన్ని సందేశరూపంలో రాయించుకోవాలి.

ధరావతు కథ ఇంకా ముగియలేదు. గేర్ హ్యాంగర్ మేమే వంచామని చెప్పి రూ. 2,000లో రూ. 1,500 పట్టుకున్నారు. ఫొటోలు చూపినా వినలేదు. ఇంటికి వచ్చాక జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోను చేసి, ఫొటోలతోపాటు జీఎస్టీ నంబరు లేని ఆ బిల్లును కూడా జతచేశాము. ఆ తరువాత కొద్ది రోజులకు బస యజమాని ఫోను చేసి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే ధరావతు సొమ్మంతా ఇస్తానన్నాడు. అదనంగా తీసుకున్న పన్ను రూ. 559 కూడా చేతికి వచ్చాకనే ఆ మాట మాట్లాడుకుందామని బావగారు సమాధానమిచ్చారు. ఇప్పటికి రూ. 1,500 వచ్చింది, 559 రావలసి ఉంది.