గుల్మర్గ్ స్కీయింగ్: అయితే పిల్లల వాలు, లేకపోతే అఫర్వత్

ఫిబ్రవరిలో నేనూ మా బావా బెంగళూరు నుంచి గుల్మర్గ్ వెళ్లొచ్చాం. ఇద్దరికీ స్కీయింగ్ కొత్తే, మంచు అంటే ఫ్రీజర్లో గీకి తీసేదే తెలుసు.

ముందే చెప్తున్నా, బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. శ్రీనగర్‌లో దిగగానే బావ ఫోన్ మూగబోయింది, ఇక నాలుగు రోజులూ హాట్‌స్పాట్ కోసం నా వెనకే తిరిగాడు. అక్కడి నుంచి గుల్మర్గ్ సుమారు 50 కిలోమీటర్లు. మంచు బాగా పడటంతో టంగ్‌మర్గ్‌లో చక్రాలకు గొలుసులు కట్టిన బండిలోకి మారాం.

హోటల్ మాత్రం ఫోటోలు చూసి మోసపోయాం. కరెంటు పోతే హీటర్ లేదు, రెండో రాత్రి జాకెట్లతోనే పడుకున్నాం, బావ తెచ్చిన గోంగూర పచ్చడిలో నూనె గడ్డకట్టేసింది. గదిలో బుఖారీ, అంటే కట్టెల పొయ్యి, ఉందో లేదో అడిగాకే డబ్బు కట్టండి.

స్కీ బూట్లు అద్దెకు దొరుకుతాయి. వేసుకుంటే కాలు సిమెంటులో దిగేసినట్టే, చీలమండ కదలదు. చలికని రెండు జతల సాక్స్ వేశాను, లోపల మడతలు పడి మడమ దగ్గర తోలు లేచిపోయింది. పల్చటిది ఒక్క జత చాలు. నేర్పే కుర్రాడు రోజంతా "పిజ్జా, పిజ్జా!" అని అరిచాడు. అంటే పిజ్జా ముక్క ఆకారంలో, స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా పెట్టమని. అలా పెడితే లోపలి అంచులు మంచును గీరి వేగం తగ్గుతుంది. హోటల్లో తగ్గించుకునైనా ఈ కుర్రాడికి ఇంకో రోజు డబ్బు పెట్టండి.

అసలు సంగతి కొండది. కొత్తవాళ్లు నేర్చుకునే పిల్లల వాలు దాటితే ఇక అఫర్వత్ కొండే. లిఫ్టులు చూస్తే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, కానీ గొండోలా, అంటే కేబుల్ కార్, రెండో అంచె ఏకంగా అఫర్వత్ మీద 3,900 మీటర్లు దాటి దించుతుంది. అక్కడ చదును చేసిన దారులు ఉండవు, మోకాలి లోతు పొడిలాంటి మంచు, నిటారు వాలు, మంచు చరియలు విరిగిపడే భయం. గైడ్, బీకన్ (మంచులో కూరుకుపోతే ఆచూకీ తెలిపే పరికరం), పార లేకుండా అటు దిగాలనుకోవద్దు. గాలికి రెండో అంచెని రెండు రోజులు మూసేసి, మూడో రోజు తెరిచారు. మేం చూడ్డానికే ఎక్కాం, బావకి తల తిరిగి పది నిమిషాల్లో దిగిపోదామన్నాడు. మొదటి అంచె నుంచి అడవి పక్కగా దిగే దారి ఉంది గానీ అదీ మాలాంటి వాళ్లకి కాదు. గొండోలా టికెట్లు ఆన్‌లైన్లో ముందే తీసుకోండి.

వచ్చేసే రోజుకి పడకుండా ఆగడం వచ్చింది. కుడికి తిరగగలను, ఎడమకి తిరగమంటే మాత్రం కూర్చుండిపోతా.