క్యాట్ దారా, ఐఎస్‌బీ దారా?

ఎంబీఏ చదవడానికి ఐఐఎంలో సీటు కావాలంటే, క్యాట్ అనే ప్రవేశ పరీక్ష ఒక్కటే చాలనుకుంటే పొరపాటే. ఏడాదికోసారి, రెండు గంటల పరీక్ష. ఒక్కో సెక్షన్‌కి 40 నిమిషాలు, టైమ్ అయ్యాక వెనక్కి వెళ్లనివ్వరు. పర్సంటైల్ బాగా వచ్చినా, చాలా ఐఐఎంలు పదో తరగతి, ఇంటర్ మార్కులు కూడా తవ్వి తీస్తాయి. పదిహేనేళ్ల వయసులో సోషల్‌లో పోయిన మార్కులు ఇప్పుడెక్కడినుంచి తెస్తాం?

హైదరాబాద్ గచ్చిబౌలిలోని బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీ లెక్క వేరు. అక్కడ చూసే ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లో స్కోరు నచ్చకపోతే మళ్లీ రాయొచ్చు. ఉద్యోగంలో ఏం చేశారన్నదానికి అక్కడ బరువెక్కువ. దరఖాస్తుతో పాటు రాసే ఎస్సేలో "టీమ్‌ని లీడ్ చేశాను" అంటే సరిపోదు. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే క్లయింటుకి మీరేం చెప్పారో రాయండి.

ఇంకా ఉద్యోగంలో చేరని ఫ్రెషర్లకైతే క్యాటే నయం. ఇంటర్ మార్కులు దెబ్బతిన్నా ఐదేళ్లుగా పనిలో పేరు తెచ్చుకున్నవాళ్లయితే మాత్రం, నా మాట విని ఐఎస్‌బీ ఎస్సే మీద కూర్చోండి.