2005లో ఊరికే ఇచ్చిన తుపాను చార్టు: ఇప్పటికి రాస్తున్న రివ్యూ (5కి 4)

ఉచితంగా వచ్చిన కాగితానికి రివ్యూ ఏంటని మా ఆవిడ నవ్వుతోంది. డబ్బులు పెట్టి కొన్న జనరేటర్ మూడేళ్లు కూడా పనిచెయ్యలేదు, ఈ కాగితం ఇంకా మా గ్యారేజ్ గోడకి ఉంది. ఏది రివ్యూ రాయదగ్గదో మీరే చెప్పండి.

2005 మే నెలాఖర్లో, అమెరికాలో హ్యూస్టన్ పక్కనున్న షుగర్‌ల్యాండ్‌లో మా ఇంటి దగ్గరి కిరాణా షాపులో బిల్లు కట్టాక సంచిలో వేసిచ్చారు. గల్ఫ్ ఆఫ్ మెక్సికో, కరేబియన్, సగం అట్లాంటిక్ ఉన్న మ్యాపు. దాని మీద డిగ్రీకో గీత చొప్పున గళ్లు. ఓ పక్క ఆ ఏడాది తుపాన్ల పేర్లు, ఆర్లీన్ నుంచి విల్మా దాకా 21. వెనకవైపు గాలి వేగాన్ని బట్టి 1 నుంచి 5 దాకా హరికేన్ కేటగిరీల పట్టిక, దాని కింద కొనిపెట్టుకోవాల్సిన బ్యాటరీలు, నీళ్ల సీసాలు, డబ్బా తిండి జాబితా. అన్నీ ఆ షాపులోనే దొరుకుతాయి, వేరే చెప్పాలా.

నేనైతే చెత్తబుట్టలో వేసేవాణ్ని. జూన్ మొదట్లో మా నాన్న వచ్చారు. మాది నాగాయలంక. 1977 నవంబర్ 19న, దివిసీమ ఉప్పెన రాత్రి, ఆయన అక్కడే ఉన్నారు. ఆ రాత్రి గురించి ఎక్కువ మాట్లాడరు గానీ, రేడియోలో 'వాయుగుండం' అన్న మాట వినపడితే చేతిలో ముద్ద కూడా వదిలేసి వింటారు. చార్టు చూడగానే "ఒరేయ్, దీన్ని పారెయ్యకు, పెన్సిల్ ఇటివ్వు" అన్నారు.

వాడటం తేలిక. మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్ ఆరు గంటలకోసారి బులెటిన్ ఇస్తుంది. మా టైములో ఉదయం 4, 10, మళ్లీ సాయంత్రం 4, రాత్రి 10. అందులో తుపాను కేంద్రం ఏ అక్షాంశం, ఏ రేఖాంశం మీద ఉందో చెప్తారు. ఆ గడి వెతికి చుక్క పెట్టడమే. మూడు చుక్కలు పడేసరికి ఎటు పోతోందో తెలుస్తుంది, చుక్కల మధ్య ఎడం చూస్తే ఎంత జోరుగా పోతోందో తెలుస్తుంది. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే 60 నాటికల్ మైళ్లు, సుమారు 111 కిలోమీటర్లు. నాన్న అగరుబత్తి పుల్లని సరిగ్గా ఐదు డిగ్రీలకి విరిచి, దాన్ని స్కేలులా వాడేవారు. హ్యూస్టన్ మీద పుల్ల ఒక కొస ఆనించి, రెండో కొస చుక్క వైపు తిప్పి, "రెండు పుల్లల దూరంలో ఉంది" అనేవారు. మా పిల్లలిద్దరూ ఆ భాషే నేర్చుకున్నారు. టీవీలో రంగురంగుల కోన్ చూసి నాకు టెన్షన్ పెరిగేది తప్ప ఏమీ అర్థమయ్యేది కాదు. అది తుపాను సైజు కాదనీ, కేంద్రం ఎటు పోవచ్చో చూపించే అంచనా మాత్రమేననీ తెలియడానికి నాకు ఓ సీజన్ పట్టింది.

ఇక లోపాలు. నున్నటి కాగితం, పెన్సిల్ జారిపోతుంది. ఆగస్టులోనే బాల్‌పెన్నుకి మారిపోయాం. తప్పు చుక్క పడితే ఇక అంతే. జూలై అయ్యేసరికే ఏడు తుపాన్లు పుట్టేశాయి, గల్ఫ్ అంతా చీమలు పాకినట్టు తయారైంది. నడిమి మడత సరిగ్గా న్యూ ఆర్లీన్స్ మీదుగా పోతుంది. కత్రినా తుపాను ఆ ఊరిని ముంచిన ఏడాదే అక్కడ మడత పెట్టాలని ఎవరికి తోచిందో!

అసలు లోపం మాత్రం వెనక పట్టికలో ఉంది. అప్పట్లో కేటగిరీ పక్కన గాలి వేగంతో పాటు ఉప్పెన ఎత్తు కూడా అచ్చేసేవారు. మూడో కేటగిరీకి 9 నుంచి 12 అడుగులు. ఆగస్టు 28న కత్రినా గల్ఫ్ మధ్యలో ఐదో కేటగిరీ, 902 మిల్లీబార్లు (తుపాను కేంద్రంలో గాలి ఒత్తిడి అది, ఎంత తగ్గితే తుపాను అంత బలం). మర్నాడు పొద్దున లూయిజియానాలో బ్యూరస్ దగ్గర ఒడ్డెక్కేసరికి మూడుకి దిగింది. నేను ఊపిరి పీల్చుకుని, "తగ్గింది నాన్నా, పన్నెండు అడుగులకి మించదట" అని పట్టిక చూపించాను. ఆయన కళ్లజోడు పైకెత్తి చూసి, "గాలి తగ్గింది సరే, నీళ్లకి ఆ సంగతి ఎవరు చెప్పారు?" అన్నారు. మిసిసిపీలో పాస్ క్రిస్టియన్ దగ్గర ఉప్పెన 28 అడుగుల దాకా వచ్చింది. అంతకు ముందు రోజుల్లో సముద్రం మీద పోగైన నీళ్లు గాలితో పాటు తగ్గవు కదా. పైగా అక్కడ తీరం లోతు తక్కువ, తుపాను చూస్తే చాలా పెద్దది. ఆ సాయంత్రం నాన్న పట్టికలో ఆ గడిని పెన్నుతో అడ్డంగా కొట్టేశారు. ఆ కొట్టివేత ఇప్పటికీ ఉంది.

సెప్టెంబర్ 21న రీటా, 895 మిల్లీబార్లు, మళ్లీ ఐదో కేటగిరీ, ఈసారి మా వైపు. 22న తెల్లారేసరికి కారెక్కాం. ఐ-10 హైవే మీద పడమటికి పదకొండు గంటల్లో నలభై మైళ్లు. పెట్రోలు అయిపోతుందని ఏసీ కట్టేశాం. బయట ఎండ పేలిపోతోంది, పులిహోర డబ్బా తెరిస్తే ఆవిరి. వెనక సీట్లో నాన్న ఒళ్లో చార్టు, చేతిలో పుల్ల. రేడియో చెప్పినప్పుడల్లా చుక్క. సాయంత్రానికి, "చుక్కలు కుడివైపుకి ఒరుగుతున్నాయిరా. నా మాట మీద ఇంట్లో ఉండిపోవద్దు గానీ, ఒరుగుతున్నాయి" అన్నారు. పెట్రోలు ముల్లు అడుక్కి వచ్చాక మేం వెనక్కి తిరిగాం. రీటా 24న తెల్లవారుజామున టెక్సస్, లూయిజియానా సరిహద్దులో ఒడ్డెక్కింది. మా పెరట్లో నాలుగు కొమ్మలు విరిగాయి, అంతే. రోడ్ల మీద మాత్రం ఘోరం. డాలస్ దగ్గర ఓ బస్సు తగలబడి నర్సింగ్ హోమ్ వృద్ధులు 23 మంది పోయారు. చార్టు మడత చిరిగింది కూడా ఆ కారులోనే, తర్వాత టేపు వేశాను.

అక్టోబర్లో విల్మా 882 మిల్లీబార్లకి పడిపోయింది, అట్లాంటిక్‌లో అప్పటివరకు ఎవరూ చూడని అంకె. దాంతో పేర్ల జాబితా ఖాళీ. 22న గ్రీకు అక్షరాలు మొదలుపెట్టారు. నాన్న విల్మా కింద ఖాళీలో తెలుగులో ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అని రాసుకుంటూ పోయారు. "మా ఊరిని ముంచినదానికి పేరే లేదు, వీళ్లకి పేర్లు చాలడం లేదు" అన్నారు. అదే జాబితాలో హార్వీ కూడా ఉంది చూడండి. 2005లో బెర్ముడా వైపు వెళ్లిపోయిన అమాయకపు చుక్కల వరస. ఆరేళ్లకోసారి పేర్లు తిరిగొస్తాయి, 2017లో హ్యూస్టన్‌ని ముంచింది ఆ పేరుతోనే.

ఇప్పుడు కావాలంటే హరికేన్ సెంటర్ సైట్‌లోనే ఖాళీ చార్టు దొరుకుతుంది, ఇంట్లోనే ప్రింట్ తీసుకోవచ్చు. మామూలు కాగితం కాబట్టి పెన్సిల్ ఆగుతుంది. ఆఫ్రికా ఒడ్డు దాకా ఉంటుంది. మా షాపు చార్టు 55 డిగ్రీల రేఖాంశం దగ్గరే ఆగిపోయింది, మడైరా దగ్గర పుట్టి స్పెయిన్ మీదకి పోయిన విన్స్‌కి చుక్క పెట్టే చోటే లేదు. కేటగిరీ పట్టికలోంచి కూడా 2010లో ఉప్పెన తీసేసి గాలి మాత్రమే ఉంచారు. 2008లో మా పక్కనే ఐక్ రెండో కేటగిరీతో వచ్చి, బొలివర్ ద్వీపకల్పం మీద 15 అడుగులకి పైగా నీళ్లు తెచ్చింది కదా మరి. పాత పట్టికలో ఆ కేటగిరీకి 8 అడుగులే. 2017 నుంచి ఉప్పెనకి వేరే హెచ్చరిక ఇస్తున్నారు. ఎవరి దగ్గరైనా పాత చార్టు ఉంటే ముందువైపు వాడుకోండి, వెనకవైపు నమ్మకండి. ఒక స్టార్ కోసింది దానికే.

నాన్న ఆ 2005లోనే నవంబర్ 28న ఫ్లైట్ ఎక్కారు. మర్నాడే ఎప్సిలాన్ పుట్టింది. జనవరి మొదట్లో ఫోన్ చేసి, సంక్రాంతికి ఏం పంపమంటావు అని కూడా అడక్కముందే, "ఇంకేమైనా పుట్టాయా?" అన్నారు.

"జీటా నాన్నా, డిసెంబర్ 30న. ఇంకా తిరుగుతూనే ఉంది."

"చార్టులో పెట్టావా?"

"మన చార్టులో లేదు అది, అవతల ఎక్కడో సముద్రం మధ్యలో."

"అయితే కుడి అంచున బాణం గుర్తు వెయ్యి. అవతల ఉందని తెలియాలిగా."

వేశాను. ఎర్ర పెన్నుతో, 24 డిగ్రీల గీత పక్కన.