మెయిన్ కూన్ గిన్నెలో ఏది మేలు: ఇంటి చికెనా, డ్రై ఫుడ్డా, వెట్ ఫుడ్డా?

మెయిన్ కూన్ పెద్ద జాతి పిల్లి. మగది ఆరు నుంచి ఎనిమిది కిలోలు తూగుతుంది, మూడు నాలుగేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. పెద్ద జాతి కదా అని గిన్నె నింపితే కొవ్వు పెరిగి ఆ బరువు తుంటి కీళ్ల మీద పడుతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యి, గడప దాటని 7 కిలోల పిల్లికి రోజుకు 300 నుంచి 360 కేలరీలు సరిపోతాయి.

మన ఇళ్లలో ఓటు ఉడికించిన చికెన్‌కే. పిల్లీ లొట్టలేసుకుంటూ తింటుంది. చిక్కల్లా అందులో లేనివాటితోనే. బోన్‌లెస్‌లో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం నామమాత్రం. నెలల తరబడి అదే పెడితే ఒళ్లు ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది, పిల్లికూనలకు కాళ్లు వంకరపోతాయి. మాంసంలో ఉండే టారిన్ అనే పోషకం ఉడికిన నీళ్లలోకి దిగిపోతుంది, మనం ఆ నీళ్లే సింకులో పారబోస్తాం. టారిన్ తగ్గితే గుండె కండరం సాగి నీరసిస్తుంది, చూపు దెబ్బతింటుంది. ఇంట్లోనే వండుతానంటే కిలో బోన్‌లెస్‌కి మెత్తటి గుడ్డుపెంకు పొడి ఒక టీస్పూను, లివర్ 50 గ్రాములు దాటకుండా, గుండెకాయలు వంద గ్రాములు వేసి, ఉడికిన నీళ్లతో సహా పెట్టాలి. అప్పటికీ టారిన్, విటమిన్ ఇ, అయోడిన్ మోతాదులు పశువైద్యుడితో రాయించుకోవాల్సిందే. అల్లంవెల్లుల్లి పేస్టు, ఉల్లి తగలనే కూడదు, ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. పెరుగన్నం సంగతి ఎత్తకండి.

డ్రై ఫుడ్ చౌక, గిన్నెలో సాయంత్రం దాకా ఉన్నా పాడవదు. వంద గ్రాములకు 380 కేలరీల దాకా ఉంటుంది కాబట్టి రోజుకు 80–95 గ్రాములే, అదీ కప్పుతో కాకుండా వంటింటి కాటా మీద తూచి. తేమ పది శాతం లోపు. పిల్లికి దాహం తక్కువ, ఆ లోటును నీళ్లు తాగి పూర్తిగా పూడ్చుకోదు. మే నెల హైదరాబాద్ ఎండకు మూత్రం ఇంకా చిక్కబడుతుంది. మగపిల్లి లిట్టర్ బాక్సులో ముక్కుతూ కూర్చున్నా చుక్క రాకపోతే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

వెట్ ఫుడ్‌లో 80 శాతం దాకా నీరే. పౌచ్ మీద ప్రొటీన్ 10 శాతం, డ్రై ప్యాకెట్ మీద 34 శాతం అని చూసి మోసపోవద్దు. నీరు తీసేసి లెక్కేస్తే పౌచ్‌ది 50 శాతం, డ్రైది 38. అయితే 85 గ్రాముల పౌచ్‌లో 65–70 కేలరీలే, దీనితోనే కడుపు నింపాలంటే రోజుకు ఐదు కావాలి. జేబు తట్టుకోవాలి. ఎండాకాలం గిన్నెలో అరగంట దాటితే తీసేయాలి. కొన్ని పౌచ్‌లు పూర్తి ఆహారం కావు, ‘కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్’ అని ఉన్నదే కొనాలి.

మా ఓటు కలిపి పెట్టడానికే. పొద్దున ఒక పౌచ్, రాత్రి ఒకటి, మధ్యలో 50 గ్రాముల డ్రై, మొత్తం 325 కేలరీలు. ఉప్పులేని చికెన్ ముప్పై గ్రాములు వేసిన రోజు డ్రై పది గ్రాములు తగ్గించండి. కొత్త తిండిని పాతదానిలో పావు వంతుతో మొదలుపెట్టి పది రోజుల్లో పూర్తిగా మార్చాలి. మొండికేసి రోజంతా ముట్టకపోతే పాతదే పెట్టండి. బొద్దు పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే లివర్‌కు కొవ్వు పట్టేస్తుంది.