గ్రౌండ్ న్యూస్ రివ్యూ: రంగుల పట్టీ చూసి ఆగిపోయేవాళ్ళకి దండగ

యూట్యూబ్‌లో కాస్త సీరియస్ వీడియోలు చూసేవాళ్ళకి గ్రౌండ్ న్యూస్ పేరు ఈపాటికి తెలిసే ఉంటుంది, వీడియో మంచి రసపట్టులో ఉండగా ఆపి మరీ వీళ్ళ యాడ్ చెప్తారు కదా, అదే. ఒకే వార్తని ఎవరెవరు ఎలా రాశారో పక్కపక్కన పెట్టి చూపిస్తాం అంటారు. యాడ్‌లో ఊదరగొట్టినంత ఉందా అంటే, పనికొచ్చేదే, కాకపోతే వాళ్ళు గొప్పగా చూపించేది ఒకటి, నిజంగా పనికొచ్చేది ఇంకొకటి.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. ఒకప్పుడు నాసాలో ఇంజినీర్‌గా చేసిన హర్లీన్ కౌర్ పెట్టిన కెనడా కంపెనీ ఇది. ఒక సంఘటన మీద ఏయే సైట్లు రాశాయో అన్నిటినీ ఒకే పేజీలో కుప్పేసి దానిమీద ఒక రంగుల పట్టీ వేస్తారు, రాసినవాళ్ళలో రాజకీయంగా లెఫ్ట్ (ఉదారవాదుల వైపు) ఇంత శాతం, సెంటర్ (మధ్యలో) ఇంత, రైట్ (సంప్రదాయవాదుల వైపు) ఇంత అని. సైటు పక్కనే దాని మొగ్గు ఎటో, ఎంతవరకు నమ్మొచ్చో, ఓనర్ ఎవరో లాంటివి కూడా ఇస్తారు. కొంత ఫ్రీ, మిగతాది డబ్బులు కడితేనే తెరుచుకుంటుంది.

వార్తల్ని ఇలా గుంపులు కట్టడం కొత్త విద్యేం కాదు. 2001 సెప్టెంబర్ 11 దాడుల టైంలో ఒకే విషయం కోసం సైటు సైటుకీ తిరగాల్సొస్తోందని గూగుల్‌లో పనిచేసే కృష్ణ భరత్ ఈ పని కంప్యూటర్‌తో చేయించాలనుకున్నాడు, అదే 2002లో గూగుల్ న్యూస్ అయ్యింది. 2018లో దాంట్లో ఫుల్ కవరేజ్ అని ఒకటి పెట్టారు, మన అలవాట్లు చూసి వడ్డించకుండా అందరికీ ఒకే పేజీ చూపిస్తుంది, పైసా కట్టక్కర్లేదు. కాబట్టి గ్రౌండ్ న్యూస్‌కి డబ్బులు ఇస్తున్నామంటే ప్రధానంగా ఆ లెఫ్ట్ రైట్ లేబుళ్ళకీ వాటిమీద కట్టిన లెక్కలకీ ఇస్తున్నట్టే.

మరి ఆ లేబుళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయి? ఆల్‌సైడ్స్, యాడ్ ఫాంటిస్ మీడియా, మీడియా బయాస్ ఫ్యాక్ట్ చెక్ అని మూడు సంస్థలున్నాయి, వాళ్ళిచ్చిన రేటింగులకి సగటు తీస్తారు. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది, రేటింగ్ మొత్తం పత్రికకి, మీరు చదువుతున్న ఐటమ్‌కి కాదు. లెఫ్ట్ అని ముద్ర పడ్డ పత్రికలో ఏ వాసనా లేని రిపోర్టు రావచ్చు, సెంటర్ అనే దాంట్లో హెడ్డింగ్ దగ్గరే తీర్పు చెప్పేసిన ఐటమ్ రావచ్చు. పైగా సెంటర్ అంటే నిజం అని చాలామంది అనుకుంటారు, అదేం కాదు, తమ రేటింగ్ మొగ్గు గురించే తప్ప నిజానిజాల గురించి కాదని ఆల్‌సైడ్స్ వాళ్ళే చెప్తారు. ఇంకోటి, ఈ లెఫ్ట్ రైట్ కొలత అమెరికా రాజకీయాలకి తగ్గట్టు కుట్టింది, వేరే దేశాల పత్రికలకి తొడిగితే ఎక్కడో ఒకచోట బిగుసుకుపోతుంది.

పట్టీ ఏం చూపించదో ఒక పాత వార్తతో చెప్తా. 2022 ఆగస్టు 10న అమెరికా కార్మిక శాఖ జూలై నెల ధరల లెక్క విడుదల చేసింది. రిపోర్టు ఒక్కటే. అందులో జూన్‌తో పోలిస్తే ధరలు మొత్తం మీద కదల్లేదు అని ఉంది, అంటే సున్నా. ఏడాది కిందటితో పోలిస్తే 8.5 శాతం పెరిగాయి అనీ ఉంది. అప్పటి అధ్యక్షుడు బైడెన్ సున్నా పట్టుకుని జూలైలో ద్రవ్యోల్బణమే లేదన్నాడు, అవతలివాళ్ళు 8.5 చూపించి జనం కళ్ళకి గంతలు కడుతున్నాడని విరుచుకుపడ్డారు. మూడో రకం కూడా ఉంది, జూన్‌లో 9.1 ఉండేది కాబట్టి ద్రవ్యోల్బణం తగ్గింది అని. మూడూ కరెక్టే, ఎవరూ అంకె మార్చలేదు.

ఇంకొంచెం కిందకెళ్తే అసలు సంగతి కనపడుతుంది. ఆ ఒక్క నెలలో పెట్రోలు 7.7 శాతం తగ్గింది, తిండి సరుకులు 1.1 శాతం పెరిగాయి. అంటే కొన్ని పెరిగి కొన్ని తగ్గి అవీ ఇవీ కలిసి సున్నా దగ్గర తేలింది, అంతేగానీ అన్నీ నిలకడగా ఉన్నాయని కాదు. బండి ఎక్కువ తిప్పేవాడికి ఒక వార్త, ఇంట్లో నలుగురికి వండిపెట్టేవాళ్ళకి ఇంకో వార్త. ఇప్పుడు ఈ స్టోరీకి ఏ పట్టీ వేసినా లెఫ్ట్ ఇంత రైట్ ఇంత అనే వస్తుంది గానీ, ఎవరు ఏ అంకె ముందు పెట్టారు, దేంతో పోల్చారు, పెట్రోలు సంగతి ఎన్నో పేరాకి తోసేశారు అనేది రాదు. దానికి రెండు ఐటమ్స్ పక్కపక్క ట్యాబుల్లో తెరిచి మొదటి నాలుగు పేరాలు చదవాల్సిందే, వీలైతే ఒరిజినల్ రిపోర్టు మూడో ట్యాబులో.

సోర్సుల సంఖ్య చూసి కూడా మురిసిపోవద్దు. 1846లో మొదలైన ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్), 1851లో మొదలైన రాయిటర్స్, ఇలాంటి వార్తా ఏజెన్సీల కాపీ, అంటే వాళ్ళు రాసిచ్చిన మ్యాటర్, కొనుక్కుని వేసుకునే సైట్లు బోలెడు. నలభై చోట్ల వచ్చింది కదా నిజమే అయ్యుంటుంది అనుకుంటాం, చూస్తే ఒక్క గొంతే నలభై మైకుల్లో వినపడుతుంటుంది. బైలైన్, అంటే రాసింది ఎవరో చెప్పే లైను, చూస్తే తెలిసిపోతుంది. ఒక సరదా ఏంటంటే కాపీ ఒకటే అయినా హెడ్డింగ్ ఆ సైట్ డెస్క్ వాళ్ళు (వార్తలు దిద్దేవాళ్ళు) మార్చుకోవచ్చు, కింద మ్యాటర్ అక్షరం తేడా లేకుండా ఉండి పైన హెడ్డింగులు మాత్రం కొట్టుకునేలా ఉన్నాయంటే డెస్కు మనసులో ఏముందో అక్కడే దొరికిపోతుంది.

లెఫ్ట్ వాళ్ళు ఇలా అన్నారు రైట్ వాళ్ళు అలా అన్నారు అని ఏఐతో రాయించే సారాంశాలు నాకు అస్సలు నచ్చలేదు. పోల్చి చూసేదే మాటల కోసం కదా, "చెప్పారు" అని రాశారా "ఒప్పుకున్నారు" అని రాశారా, ఎవరి మాట ముందు పెట్టారు, ఎవర్ని ఆఖరి లైన్లో ఇరికించారు, సారాంశం వాటన్నిటినీ ఇస్త్రీ చేసి పారేస్తుంది. ఇస్త్రీ అయ్యాక పోల్చడానికి మిగిలేదేంటి?

నిజంగా బాగున్నది బ్లైండ్‌స్పాట్. ఒక వైపువాళ్ళు తెగ రాసి రెండో వైపువాళ్ళు దాదాపు ముట్టుకోని వార్తల్ని విడిగా ఏరి చూపిస్తుంది. రాసిన రెండు ఐటమ్స్ పోల్చడం ఎవరైనా చేసుకోగలరు, అసలు రాయని వార్త రాయలేదని తెలుసుకోవడం మనవల్ల అయ్యే పని కాదు, రోజూ అన్ని సైట్లూ ఎవరు తిరుగుతారు. అలాగని ఒక వైపే వచ్చిన ప్రతిదీ రెండోవాళ్ళు దాచేశారని కాదు, ఇంకా ధృవీకరణ కాక ఆగి ఉండొచ్చు, అంత పెద్ద వార్త కాకపోయుండొచ్చు. ఒకటి రెండు రోజులాగి మళ్ళీ చూస్తే చాలావరకు తేలిపోతుంది. ఎవ్వరూ రాయనిది మాత్రం ఇందులోనూ ఉండదు, అది ఏ యాప్ వల్లా కాదు.

పక్కన ఆల్‌సైడ్స్ కూడా ఉంది, 2012 నుంచి నడుస్తోంది. అక్కడ పెద్ద వార్తలకి లెఫ్ట్ ఒకటి సెంటర్ ఒకటి రైట్ ఒకటి ఎంచి పక్కపక్కన పెడతారు, స్టోరీలు తక్కువ, దాదాపు అంతా అమెరికానే, కానీ హెడ్డింగులు పోల్చడం వరకే కావాలంటే అది చాలు.

అమెరికా కెనడా రాజకీయాలు రోజూ ఫాలో అయ్యేవాళ్ళయితే గ్రౌండ్ న్యూస్‌కి కట్టినా నష్టం లేదు, ముందు ఫ్రీగా వాడి చూసుకుని కట్టండి. మిగతావాళ్ళకి ఫుల్ కవరేజ్, రెండు ట్యాబులు, కాస్త ఓపిక ఉంటే సరిపోతుంది. నా రేటింగ్ 5కి మూడున్నర, అందులో రెండు ఒక్క బ్లైండ్‌స్పాట్‌కే.