తవ్విన వజ్రమా, ల్యాబ్ వజ్రమా?

గనిలో తవ్వినదాన్నీ, ల్యాబ్‌లో తయారుచేసినదాన్నీ పక్కపక్కన పెడితే మామూలు కంటికి తేడా దొరకదు. రెండూ కార్బనే. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద రెండింటి కాఠిన్యం 10, కాంతిని ఎంత వంచుతాయో చెప్పే వక్రీభవన గుణకం 2.42. కాకపోతే ఖనిజం ప్రకృతిలోనే పుట్టాలి కాబట్టి, ల్యాబ్ వజ్రాన్ని ఖనిజం అనరు.

అసలు తేడా పుట్టుకలో ఉంది. పశ్చిమాఫ్రికా దేశం సియెర్రా లియోన్‌లో 1991 నుంచి 2002 దాకా సాగిన యుద్ధంలో తిరుగుబాటుదారులు వజ్రాలమ్మి తుపాకులు కొన్నారు. ఇలాంటి ‘సంఘర్షణ వజ్రాల’ అమ్మకాన్ని ఆపడానికి 2003లో కింబర్లీ ప్రక్రియ అనే అంతర్జాతీయ ధ్రువీకరణ పద్ధతి అమల్లోకి వచ్చింది గానీ, అందులో ఆ మాటకిచ్చిన నిర్వచనం తిరుగుబాటుదారుల సరుకుకే పరిమితం. ప్రభుత్వ సైనికులే కొట్టి తవ్వించినా కాగితం మీద ఆ రాయి శుభ్రమే! అలాగని గనులన్నీ ఒకటి కాదు. ఆఫ్రికాలోనే ఉన్న బోట్స్‌వానా వజ్రాల ఆదాయంతో బడులు, రోడ్లు కట్టుకుంది.

ల్యాబ్ వజ్రానికి గని గొడవ లేదు, కరెంటు మాత్రం బాగా తాగుతుంది. ధర చాలా తక్కువ, తిరిగి అమ్మితే వచ్చేదీ తక్కువే. వేలికి పెట్టుకోవడానికైతే నా ఓటు దీనికే.