మెడ నొప్పికి కైరోప్రాక్టరా, ఎక్సర్‌సైజులా? తోటి వెటరన్లకు నా మాట

అమెరికా ఆర్మీలో చేసి బయటికొచ్చిన మనవాళ్లు నన్ను పదేపదే అడిగేది ఒకటే. "అన్నా, మెడ పట్టేసింది. వీఏలో కైరోప్రాక్టర్‌కి రాయించుకోనా, ఫిజికల్ థెరపీకి వెళ్లనా?" వీఏ అంటే మాజీ సైనికుల వైద్యం చూసే అమెరికా ప్రభుత్వ శాఖ. కైరోప్రాక్టర్ వెన్నెముక కీళ్లను చేత్తో సర్దుతాడు, ఫిజికల్ థెరపీలో ఎక్సర్‌సైజులు నేర్పుతారు. ఈమధ్యే నేను రెండూ చేయించుకున్నాను. ఫోన్‌లో ఒక్కొక్కరికి చెప్తున్నదే ఇక్కడ రాస్తున్నా.

మెడ ఎందుకు పాడైందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. తల బరువే నాలుగున్నర, ఐదు కిలోలుంటుంది. దాని మీద దాదాపు కిలోన్నర హెల్మెట్, దాని ముందు చీకట్లో చూసే నైట్ విజన్ పరికరం తగిలిస్తే బరువంతా ముందుకు లాగుతుంది. నేనైతే ట్రక్కు నడిపాను. ఆ కుదుపులన్నీ చివరికి చేరింది మెడకే.

కైరోప్రాక్టర్ గురించి ముందు చెప్తాను, ఎందుకంటే నాకు వెంటనే తేడా తెలిసింది అక్కడే. కారు రివర్స్ చేసేటప్పుడు ఎడమ భుజం మీదుగా చూడలేక నడుము దాకా తిరిగేవాణ్ణి. మొదటి అడ్జస్ట్‌మెంట్, అంటే మెడని చేత్తో సర్దడం, అయ్యాక పార్కింగ్‌లో కూర్చుని తల తిప్పితే వెనక సీటు కనిపించింది. కళ్లు చెమ్మగిల్లాయి. మూడో రోజుకి మెడ మళ్లీ పట్టేసింది. మళ్లీ వెళ్లాను, మళ్లీ తేలికైంది, మళ్లీ పట్టేసింది. సర్దేటప్పుడు వచ్చే ఆ టక్ మనే శబ్దం వింటే ఎముక తన చోటికి వెళ్లిందనిపిస్తుంది కానీ, అది కీలులోని ద్రవంలో గ్యాస్ వల్ల వచ్చే చప్పుడే. కీలు కాస్త వదులవుతుంది, నొప్పి తగ్గుతుంది. కండరానికి మాత్రం బలం రాదు.

ఫిజికల్ థెరపీలో మొదటి రోజు నాకు చాలా చిరాకేసింది. వెల్లకిలా పడుకోబెట్టి, మెడ కింద చిన్న గాలి సంచి పెట్టి, దానికున్న మీటర్ చేతికిచ్చారు. ముల్లు 20 దగ్గర ఉంది. "అవును" అన్నట్టు గడ్డం కొంచెం కిందికి వంచి 22కి తెచ్చి పది సెకన్లు ఆపాలి. తర్వాత 24, 26, అలా 30 దాకా. నేను 24 దగ్గరే వణికిపోయాను. వీపున బరువేసుకుని మైళ్లు నడిచినవాణ్ణి, గడ్డం పది సెకన్లు ఆపలేకపోయాను! మెడ లోపల ముందు వైపున తలను నిలబెట్టే చిన్న కండరాలుంటాయి. నావి పని మానేశాయి, వాటి బరువంతా భుజాల దగ్గరి కండరాలు మోస్తున్నాయి. రోజూ చేస్తే ఆరు వారాలకు 28 దాకా వచ్చాను. అప్పటికి తల పక్కకి తిప్పగలగడం కూడా నిలకడగా ఉంది, మూడో రోజు, పదో రోజు కూడా.

నా ఒక్కడి అనుభవం చాలదంటారా? 2012లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో మెడ నొప్పి ఉన్న 272 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి చేత్తో వెన్నెముక సర్దడం, ఒకదానికి మందులు, ఒకదానికి గంటేసి చొప్పున రెండు సెషన్లలో నేర్పిన ఇంటి ఎక్సర్‌సైజులు. చేత్తో సర్దడం మందుల కంటే మెరుగ్గా నిలిచింది. ఎక్సర్‌సైజులతో పోలిస్తే మాత్రం పెద్ద తేడా లేదు. పన్నెండు వారాల చికిత్సకి రెండే రెండు సెషన్లు దీటుగా నిలిచాయన్నమాట. ఆ అధ్యయనం చేసినవాళ్లలో కైరోప్రాక్టర్లూ ఉన్నారు కాబట్టి ఎక్సర్‌సైజుల వైపు పక్షపాతం అనుకోలేం. అయితే అందులో పాల్గొన్నవాళ్లది కొన్ని వారాల నొప్పి, మనది ఏళ్ల నాటిది. ఆ తేడా మనసులో పెట్టుకోవాలి.

అందుకే నేను చూసేది ఒక్కటే: క్లినిక్‌కి వెళ్లని రోజుల్లో మెడకి ఏం జరుగుతోంది? దాన్ని బట్టి నా ఓటు ఎక్సర్‌సైజులకే. మెడ అసలు కదలక, నొప్పికి ఎక్సర్‌సైజే మొదలుపెట్టలేని స్థితిలో ఉంటే మాత్రం కొన్నిసార్లు కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లండి, దారి తెరుచుకుంటుంది. ఎక్సర్‌సైజులు కూడా నేర్పే కైరోప్రాక్టర్ దొరికితే వదలొద్దు.

భయం సంగతి. మెడ ఎముకల పక్క రంధ్రాల గుండా మెదడుకి రక్తనాళాలు వెళ్తాయి. మెడని గట్టిగా తిప్పాక వాటి గోడ చీలి స్ట్రోక్ వచ్చిన సందర్భాలున్నాయి, చాలా అరుదు. చీలిక అప్పటికే మొదలై, ఆ నొప్పితోనే మనిషి డాక్టర్ దగ్గరికి వచ్చి ఉండొచ్చు కూడా. కాబట్టి ఎప్పుడూ లేనంత కొత్త రకం తలనొప్పి, తల తిరగడం, ఒకటి రెండుగా కనపడటం, మాట తడబడటం ఉంటే మెడ మీద ఎవరి చెయ్యీ పడనివ్వకండి, 911కి ఫోన్ చేయండి. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైతే, నడక తూలితే, మూత్రం మీద అదుపు తప్పితే వెన్నుపాము నలుగుతుందేమో, వెంటనే డాక్టర్‌కి చూపించాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. టక్ మనిపించకుండా మెల్లగా కదిలించే పద్ధతి కూడా ఉంది, అదే కావాలని అడిగే హక్కు మీకుంది.

మాత్రలు ఆ పూట గడవడానికే. ఆక్యుపంక్చర్, మసాజ్ హాయిగా ఉంటాయి, కుదిరితే చేయించుకోండి. సర్జరీ మాట సర్జన్ చెప్పినప్పుడు చూద్దాం.

కైరోప్రాక్టిక్ వీఏ వైద్యంలో 2004 నుంచే ఉంది, మొహమాటపడకుండా అడగండి. ముందు ప్రైమరీ కేర్ డాక్టర్‌తో మాట్లాడి రిఫరల్ తీసుకోండి. బయటి క్లినిక్‌కైతే వీఏ అనుమతి రాకముందే వెళ్లకండి, బిల్లు మీ నెత్తిన పడొచ్చు. ఎన్ని విజిట్లు, ఏ తేదీ వరకు అన్నది ఆ అనుమతిలోనే రాసి ఉంటుంది. నాకింకా మూడు మిగిలాయి. మెడ మళ్లీ మొండికేసిన రోజుకని దాచుకున్నాను. గడువు తేదీ మాత్రం ఫ్రిజ్ మీద అంటించి పెట్టుకున్నా, గాలి సంచి లెక్కలు రాసుకునే కాగితం పక్కనే.